ల్యాప్‌టాప్‌కు దారిబత్తెం: రైలులో రాత్రి కోత, విమానంలో వాట్ల రేషను

ఖరగ్‌పూర్: దూరప్రయాణానికి బయలుదేరేవారి చేతికి పులిహోర పొట్లం, మరచెంబు నిండా మంచినీళ్లు ఇచ్చి సాగనంపడం తెలుగు లోగిళ్లలో తరతరాల ఆచారం. ఆ దారిబత్తెం జాబితాలో ఇప్పుడు విద్యుచ్ఛక్తి కూడా చేరింది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో, తెలుగు కుటుంబాలు హెచ్చుగా నివసించే ఖరిదా వంటి పేటల నుంచి ఉన్నత విద్యకో, ఉద్యోగానికో అమెరికా చేరవలసిన యువతీ యువకులకు ఇంటి గుమ్మం మొదలు గమ్యం వరకు ముప్పయి గంటలకు తక్కువ పట్టదు. వారి ఒడిలోని కంప్యూటరు బ్యాటరీ మాత్రం నాలుగైదు గంటలకు మించి నిలవదు. మిగిలిన పాతిక గంటలకు కావలసిన కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి అనుమతితో వస్తుంది, వచ్చినా ఎంతవరకు క్షేమం అన్న ప్రశ్నలకు రైల్వేలూ, విమానయాన సంస్థలూ ఇంకా సమాధానాలు సవరించుకుంటూనే ఉన్నాయి.

ఇది కేవలం కాలక్షేపానికి సంబంధించిన సమస్య అనుకుంటే పొరపాటే. అమెరికా రవాణా భద్రతా యంత్రాంగం 2014 జూలైలో ఒక నిబంధన ప్రకటించింది. నేరుగా అమెరికాకు విమానాలు బయలుదేరే కొన్ని విదేశీ విమానాశ్రయాలలో తనిఖీ సిబ్బంది అడిగితే ప్రయాణీకులు తమ సెల్‌ఫోన్లను, కంప్యూటర్లను అక్కడికక్కడే ఆన్ చేసి చూపించాలి. ఛార్జి లేక మొరాయించిన పరికరాన్ని విమానంలోకి అనుమతించరు. డొల్ల చేసిన పరికరంలో పేలుడు పదార్థం దాచే అవకాశం ఉందన్న అనుమానమే ఈ నిబంధనకు మూలం. ధ్రువపత్రాల నకళ్లు, పరిశోధన ఫలితాలు, విశ్వవిద్యాలయం పంపిన ఉత్తరాలు అన్నీ ఒకే యంత్రంలో పెట్టుకుని వెళ్లే విద్యార్థికి దారిలో ఛార్జి అయిపోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ప్రయాణంలో కరెంటు ఎలా పుడుతుందన్న సంగతి ఈ పట్టణవాసులకు కొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను తన ప్రధాన స్థావరాలలో ఒకటిగా మలచుకున్న నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు పనుల కోసం ఇక్కడికి తరలివచ్చి స్థిరపడ్డారు. వారి సంఖ్యాబలాన్ని గుర్తించే పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషలలో స్థానం కల్పించాలని నిర్ణయించింది. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పెట్టెలను విప్పి, మరమ్మతు చేసి, తిరిగి పట్టాలెక్కించే పనిలో తెలుగు చేతులు తరాలుగా ఉన్నాయి. రైలు పెట్టె అడుగున తిరిగే ఆల్టర్నేటరు, దాని బెల్టులు, పెట్టె కింద వేలాడే బ్యాటరీ డబ్బాలు తాతలు, తండ్రులు బిగించిన సామగ్రి. దాని మీద ఆధారపడి ల్యాప్‌టాప్ నడపవలసిన అవసరం మనుమలకు వచ్చింది.

రైలు పెట్టెలో కరెంటు లెక్క

మన దేశంలో చిరకాలం చలామణిలో ఉన్న పద్ధతి ప్రకారం ప్రతి పెట్టె తన కరెంటును తానే ఉత్పత్తి చేసుకుంటుంది. చక్రాల ఇరుసు తిరిగితే దానికి బెల్టులతో అనుసంధానించిన ఆల్టర్నేటరు తిరుగుతుంది. అందులో పుట్టిన విద్యుత్తు 110 వోల్టుల ఏకముఖ ప్రవాహంగా మారి దీపాలకు, పంకాలకు అందుతుంది, మిగిలినది బ్యాటరీలలో చేరుతుంది. బండి ఆగినప్పుడు, నెమ్మదిగా కదులుతున్నప్పుడు భారమంతా బ్యాటరీలదే. ఏ.సి. లేని పెట్టెకు అమర్చే ఆల్టర్నేటరు సామర్థ్యం సాధారణంగా నాలుగున్నర కిలోవాట్లు. ఏ.సి. పెట్టెకు 25 కిలోవాట్లవి రెండు ఉంటాయి.

ఇక్కడే చిక్కు ఉంది. పాత తరహా స్లీపర్ పెట్టెలో 72 బెర్తులు ఉంటాయి. ఒక్కొక్కరు అరవై వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టరు తగిలించారనుకుంటే మొత్తం భారం 4,320 వాట్లు. అంటే ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటు దాదాపు అంతా కంప్యూటర్లకే సరిపోతుంది. పంకాలు ఆగిపోవాలి, దీపాలు ఆరిపోవాలి. అందరూ ఒకేసారి తగిలించరన్న నమ్మకం మీదనే ఈ ఏర్పాటు నడుస్తున్నది. తగిలిద్దామన్నా అన్ని సాకెట్లు ఉండవన్నది వేరే విషయం. ఒక్క సాకెట్టు చుట్టూ నాలుగు ఫోన్లు, వాటి తీగల చిక్కుముడి, పక్క బెర్తు వారితో మొహమాటపు బేరసారాలు స్లీపర్ తరగతి ప్రయాణీకులకు నిత్యానుభవమే.

సాకెట్టులో వచ్చే 110 వోల్టులతో ల్యాప్‌టాప్‌కు ముప్పు ఉందా అన్న సందేహం చాలామందికి ఉంది. నేటి అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు ఏ ఒత్తిడినైనా స్వీకరించేలా తయారవుతున్నాయి. ఆ సంగతి అడాప్టరు వీపు మీద ముద్రించి ఉంటుంది. లోపలికి వచ్చిన కరెంటును అది మొదట ఏకముఖ ప్రవాహంగా మార్చుకుని, తరువాత తనకు కావలసిన 19 లేదా 20 వోల్టులకు దించుకుంటుంది. అయితే వోల్టేజి తగ్గిన కొద్దీ అదే శక్తి కోసం ఎక్కువ ప్రవాహాన్ని గుంజుకోవలసి వస్తుంది కనుక అడాప్టరు ఇంటిలో కన్నా రైలులో ఎక్కువ వేడెక్కితే ఆశ్చర్యపడనక్కరలేదు. దానిని దుప్పటి కింద, దిండు కింద పెట్టడం మాత్రం కోరి కష్టం తెచ్చుకోవడమే.

నిప్పు భయం రైల్వేలను పీడించడానికి కారణం లేకపోలేదు. 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున అనంతపురం జిల్లా కొత్తచెరువు సమీపంలో బెంగుళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏ.సి. పెట్టెలో మంటలు చెలరేగి 26 మంది నిద్రలోనే, పొగలోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటన తరువాత రైల్వే భద్రతా కమిషనర్ చేసిన సిఫార్సులలో రాత్రి 11 గంటల నుంచి ఉదయం 5 గంటల వరకు ఛార్జింగ్ సాకెట్లకు కరెంటు నిలిపివేయాలన్నది ఒకటి. ప్రయాణీకులు నిద్రపోతున్న వేళ ఫోనో, కంప్యూటరో వేడెక్కి అంటుకుంటే గుర్తించే నాథుడు ఉండడన్నది ఇందులోని తర్కం. 2021 మార్చిలో పశ్చిమ రైల్వే ఈ కోతను అమలులోకి తేవడంతో విషయం మళ్లీ వార్తలకెక్కింది.

తర్కం సరైనదే. కాని హౌరా నుంచి సికింద్రాబాదు వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ వంటి బండిలో ఖరగ్‌పూర్‌లో ఎక్కి, మరునాడు హైదరాబాదులో విమానం అందుకోవలసిన వారికి ఆ ఆరు గంటలే ఆయువుపట్టు. పగలంతా పనిచేసి, రాత్రి పడుకునే ముందు యంత్రాన్ని ఛార్జింగుకు పెట్టడం ఇంటి అలవాటు. రైలులో ఆ అలవాటు తలకిందులు కావాలి. పగలే నింపుకోవాలి, రాత్రి ఆపివేయాలి. ఏ బండిలో స్విచ్చి కట్టేస్తారో, ఎందులో కట్టరో టిక్కెట్టు మీద రాసి ఉండదు గనుక కట్టేస్తారనే అనుకుని సిద్ధపడటం మేలు.

కాగా, రైళ్లలో విద్యుత్ సరఫరా తీరే కొన్నేళ్లుగా మారుతున్నది. ఎల్.హెచ్.బి. పెట్టెలు వచ్చిన తరువాత బండి చివర డీజిలు జనరేటర్లతో కూడిన పవర్ కారు నుంచి అన్ని పెట్టెలకూ కరెంటు పంపే పద్ధతి విస్తరించింది. దానినీ దాటి, పట్టాల మీది 25 వేల వోల్టుల తీగ నుంచి ఇంజను తీసుకున్న కరెంటునే మార్చి పెట్టెలకు అందించే ‘హెడ్ ఆన్ జనరేషన్’ విధానం ఇప్పుడు ప్రాచుర్యంలోకి వచ్చింది. దీనివల్ల డీజిలు మిగులుతుంది, రొద తగ్గుతుంది, పెట్టె వేగంతో నిమిత్తం లేకుండా కరెంటు నిలకడగా ఉంటుంది. బండి స్టేషనులో నిలిచి ఉన్నా ఛార్జింగ్ ఆగదు. ల్యాప్‌టాప్ ప్రయాణీకుల కోసం చేసిన మార్పు కాకపోయినా వారికి కలిసివచ్చిన మార్పు ఇది.

సిగరెట్ లైటరు సాకెట్టుతో మొదలు

విమానంలో సమస్య స్వరూపమే వేరు. నిజానికి చేతపట్టుకుపోయే కంప్యూటరు చరిత్రకు, విమానం సీటుకు మొదటినుంచీ బంధుత్వం ఉంది. 1981లో అమెరికా విపణిలోకి వచ్చిన ‘ఆస్బార్న్ 1’ అనే కంప్యూటరు బరువు సుమారు 11 కిలోలు. విమానం సీటు కింద పట్టే పరిమాణంలో దానిని రూపొందించారు. అయితే దానికి బ్యాటరీ లేదు. గోడ సాకెట్టు దొరికితేనే పని. అంటే విమానంలోకి తీసుకువెళ్లవచ్చు గాని విమానంలో వాడటానికి వీలు లేదు! తరువాతి సంవత్సరాలలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు వచ్చి ఆ లోటు కొంత తీర్చాయి. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని వాణిజ్య స్థాయిలో ప్రవేశపెట్టడంతో కథ మలుపు తిరిగింది. ఆ బ్యాటరీకి పునాదులు వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

1990ల మధ్యకాలంలో వ్యాపార ప్రయాణీకులను ఆకట్టుకునేందుకు అమెరికా విమానయాన సంస్థలు సీట్ల వద్ద కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మోటారు కార్లలోని సిగరెట్ లైటరు సాకెట్టు వంటి దానిని అమర్చింది. మరికొన్ని సంస్థలు ‘ఎంపవర్’ అనే ప్రత్యేక సాకెట్టును ఎంచుకున్నాయి. ఇందులో వచ్చేది 15 వోల్టుల ఏకముఖ ప్రవాహం, అదీ 75 వాట్లకు మించకుండా. ఇంటి ప్లగ్గు ఇందులో పట్టదు. వేరే అడాప్టరు కొనుక్కోవాలి. బ్యాటరీని ఛార్జి చేయకుండా కేవలం యంత్రాన్ని నడిపించే అడాప్టర్లు కూడా అమ్మకానికి వచ్చాయి. ఛార్జి చేసేటప్పుడు యంత్రం ఎక్కువ కరెంటు లాగుతుందన్నది ఒక కారణమైతే, గాలిలో బ్యాటరీ వేడెక్కడం ఎవరికీ ఇష్టం లేకపోవడం రెండో కారణం.

ఇంత పొదుపు ఎందుకు? విమానం ఇంజన్లకు అమర్చిన జనరేటర్లు 115 వోల్టుల విద్యుత్తును సెకనుకు 400 ఆవృత్తులతో ఉత్పత్తి చేస్తాయి. మన ఇళ్లకు వచ్చేది 50 ఆవృత్తులది. ఆవృత్తి పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ల, మోటార్ల లోపలి ఇనుము తగ్గుతుంది. ఇనుము తగ్గితే బరువు తగ్గుతుంది. విమాన నిర్మాతలకు అదే కావాలి. కాని ఇంటి అడాప్టరుకు ఆ కరెంటు నేరుగా పనికిరాదు. దానిని 110 వోల్టులు, 60 ఆవృత్తులుగా మార్చే పెట్టెలు సీట్ల కింద అమర్చాలి. ఎకానమీ తరగతిలో కొన్ని సీట్ల కింద కాళ్లు చాపుకోనివ్వకుండా అడ్డుపడే లోహపు డబ్బాలలో కొన్ని ఇటువంటివే.

రైలు లెక్కనే విమానానికీ వర్తింపజేస్తే ఆసక్తికరమైన సంగతి తేలుతుంది. మూడు వందల సీట్ల విమానంలో సీటుకు 75 వాట్ల చొప్పున మొత్తం 22.5 కిలోవాట్లు. గల్ఫ్ విమానయాన సంస్థలు అమెరికా మార్గాలలో విరివిగా నడిపిన బోయింగ్ 777లోని రెండు ఇంజన్ల జనరేటర్ల సామర్థ్యం ఒక్కొక్కటి 120 కిలోవోల్ట్ ఆంపియర్లు. ఆ మొత్తంలో ప్రయాణీకుల కంప్యూటర్ల వాటా పదో వంతుకు కాస్త తక్కువ. వంటగదిలోని పొయ్యిలు, పంకాలు, పంపులు, దీపాలు, తెరలు, విమాన నియంత్రణ పరికరాలు అన్నీ మిగిలిన దానితో నడవాలి. బోయింగ్ 787 వచ్చాక పరిస్థితి మారింది. దాని ఇంజన్లకు ఉన్న నాలుగు జనరేటర్లు ఒక్కొక్కటి 250 కిలోవోల్ట్ ఆంపియర్లవి.

ఇంధనం ఖర్చు అనుకున్నంత పెద్దది కాదు. పదిహేను గంటలు మూడు వందల ల్యాప్‌టాప్‌లు నిండా కరెంటు తాగినా అందుకయ్యే ఇంధనం రమారమి వంద కిలోల లోపే ఉంటుంది. అదే ప్రయాణానికి విమానం మండించే ఇంధనం దాదాపు వంద టన్నులు. అసలు ఖర్చు తీగలది, పెట్టెలది. విమానంలో పెట్టిన ప్రతి అదనపు కిలో బరువుకూ గంటకు ఇంచుమించు మూడు, నాలుగు శాతం చొప్పున ఇంధనం అదనంగా మండుతుంది. కరెంటు ఎవరూ వాడకపోయినా, విమానం ఎగిరిన ప్రతిసారీ ఆ బరువు మోయక తప్పదు. టిక్కెట్టు ధర కోసం గీచి గీచి బేరమాడే మార్గాలలో సంస్థలు సాకెట్ల విషయంలో చేయి బిగబట్టడానికి ఇదే కారణం.

సీటు వద్ద తీగలు పరచడంలో ప్రాణాపాయమూ ఉందని 1998 సెప్టెంబరు 2న తేలింది. న్యూయార్క్ నుంచి జెనీవా వెళుతున్న స్విస్ ఎయిర్ 111 విమానం కాక్‌పిట్ పైకప్పు ప్రాంతంలో రాజుకున్న మంటల వల్ల కెనడా తీరంలో సముద్రంలో కూలిపోగా అందులోని 229 మందీ మరణించారు. నాలుగేళ్లకు పైగా సాగిన కెనడా దర్యాప్తు 2003లో నివేదిక ఇచ్చింది. తీగలలో పుట్టిన నిప్పురవ్వ వల్ల మంట మొదలై ఉండవచ్చునని, ప్రయాణీకుల వినోదం కోసం తరువాత చేర్చిన వ్యవస్థకు సంబంధించిన తీగలో అటువంటి ఆనవాలు కనిపించిందని పేర్కొంది. సులువుగా అంటుకునే లైనింగు మంటకు ఆజ్యం పోసింది. ఆ తరువాత సీట్ల విద్యుత్ వ్యవస్థలను సిబ్బంది ఒక్క స్విచ్చితో ఆపివేయగల వీలుపై, తీగల దారిపై, పరిమితులపై శ్రద్ధ పెరిగింది.

ఆకాశంలో హఠాత్తుగా సాకెట్టు పనిచేయడం మానేస్తే ‘చెడిపోయింది’ అని చాలామంది విసుక్కుంటారు. పలుమార్లు అది చెడిపోవడం కాదు. ఒక వరుసలో వాడకం పరిమితి దాటితే కొత్తగా తగిలించిన వారికి కరెంటు అందదు. పెద్ద తెర, శక్తిమంతమైన చిప్పులు గల యంత్రం 75 వాట్లు దాటి లాగితే రక్షణ వలయం దానిని నిలిపివేస్తుంది. యంత్రాన్ని ఆపి, బ్యాటరీని మాత్రమే ఛార్జి చేస్తే తరచు సమస్య తీరుతుంది. తెర వెలుగు తగ్గించినా కొంత కలిసివస్తుంది. కొత్త విమానాలలో కొన్ని సంస్థలు టైప్ సి తరహా సాకెట్ల ద్వారా 60 వాట్ల వరకు ఇస్తున్నాయి. పాత విమానాలలోని మామూలు యు.ఎస్.బి. రంధ్రం ఫోనుకు సరిపోతుంది గాని ల్యాప్‌టాప్‌కు ఏ మూలకూ రాదు.

నూరు వాట్ అవర్ల గీత

సాకెట్టు దొరకని వారికి రెండో దారి అదనపు బ్యాటరీ. ఈ దారిలోనే ఇప్పుడు కట్టుదిట్టాలు ఎక్కువయ్యాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నూరు వాట్ అవర్ల లోపు లిథియం బ్యాటరీలను ప్రయాణీకులు వెంట తీసుకువెళ్లవచ్చు. నూరు నుంచి నూట అరవై వరకు విమానయాన సంస్థ అనుమతి కావాలి. ఆపైన ప్రవేశం లేదు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే ఉండాలి. అడుగు అరలోకి పంపే పెట్టెలో పెట్టకూడదు.

పవర్ బ్యాంకు మీద వాట్ అవర్ల బదులు మిల్లీ ఆంపియర్ అవర్లు పెద్ద అక్షరాలతో ముద్రించడం వల్ల విమానాశ్రయాలలో వాగ్వాదాలు జరుగుతుంటాయి. లెక్క సులభమే. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్లు అంటే 20 ఆంపియర్ అవర్లు. దానిని లోపలి సెల్ వోల్టేజి 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్లు. ఇది నిక్షేపంగా చెల్లుతుంది. 27,000 గలది నూరుకు ఒక్క పిసరు తక్కువ. 30,000 గలది 111 అవుతుంది కనుక ముందస్తు అనుమతి లేకుంటే తనిఖీ వద్దనే చెత్తబుట్ట పాలవుతుంది. వివరాలు చెరిగిపోయిన చవకబారు సరుకుదీ అదే గతి. 74 వాట్ అవర్ల బ్యాంకు నుంచి, మార్పిడిలో పోయే నష్టం తీసివేస్తే, ల్యాప్‌టాప్‌కు అరవై దాకా దక్కుతాయి. వ్రాతపనికి పన్నెండు వాట్లు లాగే యంత్రానికి అది ఐదు గంటల దారిబత్తెం.

లిథియం బ్యాటరీలో ఒక సెల్ మితిమీరి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌ను అంటుకుంటుంది, దాని నుంచి మరో సెల్‌కు. ఒకసారి మొదలైతే గొలుసుకట్టుగా సాగే ఈ ప్రక్రియను పైపై మంట ఆర్పినంత మాత్రాన ఆపలేరు. చల్లబరచాలి. అందుకే విమాన సిబ్బంది మంట ఆర్పిన తరువాత నీళ్లు కుమ్మరిస్తారు. 2006 ఆగస్టులో డెల్ సంస్థ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కు పిలిపించినప్పుడు కొన్ని విమానయాన సంస్థలు బ్యాటరీ తీసివేసి సీటు కరెంటుతోనే కంప్యూటరు నడుపుకోవాలని ప్రయాణీకులను ఆదేశించాయి. 2013 జనవరిలో విమానపు సొంత బ్యాటరీలే వేడెక్కి పొగలు చిమ్మడంతో ప్రపంచవ్యాప్తంగా 787 విమానాలు నేలకు దిగిపోయాయి. ఎయిర్ ఇండియాకు చెందిన ఆరు కూడా వాటిలో ఉన్నాయి.

ఈ నేపథ్యంలో 2017 మార్చిలో అమెరికా తీసుకున్న నిర్ణయం విడ్డూరంగా తోచక మానదు. దుబాయి, అబుదాబి, దోహా సహా పది విమానాశ్రయాల నుంచి అమెరికాకు వచ్చే విమానాలలో స్మార్ట్‌ఫోను కన్నా పెద్దవైన ఎలక్ట్రానిక్ పరికరాలను ప్రయాణీకుల వద్ద ఉంచుకోరాదని, అడుగు అరలో వేయాలని ఆదేశించింది. హైదరాబాదు నుంచి, కోల్‌కతా నుంచి గల్ఫ్ మీదుగా అమెరికా చేరే తెలుగువారు నేరుగా దీని పాలబడ్డారు. పదహారు గంటల ప్రయాణంలో పని చేసుకోవడానికి ఎమిరేట్స్, ఖతార్ సంస్థలు మేలు తరగతుల వారికి కంప్యూటర్లు అరువిచ్చాయి. ఎకానమీ వారికి ఆ భాగ్యం లేదు. జూలై నాటికి అదనపు తనిఖీల షరతు మీద నిషేధాన్ని ఎత్తివేశారు. అదే ఏడాది అమెరికా పౌర విమానయాన యంత్రాంగం జరిపిన ప్రయోగాలలో మరో సంగతి బయటపడింది. ల్యాప్‌టాప్‌ను బట్టల పెట్టెలో డ్రై షాంపూ స్ప్రే డబ్బా పక్కన ఉంచి బ్యాటరీని వేడెక్కించగా నిమిషం లోపే డబ్బా పేలింది. అడుగు అరలోని మంటలార్పే వాయువు ఇటువంటి పేలుడును అదుపు చేయలేదని ఆ యంత్రాంగం నిర్ధారించి, పెద్ద పరికరాలను అడుగు అరలోకి అనుమతించరాదని సూచించింది. బాంబు భయంతో ఎక్కడ పెట్టమన్నారో, నిప్పు భయంతో అక్కడే పెట్టవద్దన్నారన్న మాట.

తాజా కుదుపు దక్షిణ కొరియా నుంచి వచ్చింది. 2025 జనవరి 28న బుసాన్ నగర విమానాశ్రయంలో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానంలో, తలపై సామాను అర వద్ద మంట పుట్టి విమానం పైభాగమంతా కాలిపోయింది. అందులోని 176 మంది బయటపడ్డారు. పవర్ బ్యాంకు కారణమై ఉండవచ్చునని ప్రాథమిక దర్యాప్తు సూచించింది. మార్చి 1 నుంచి ఆ దేశంలో పవర్ బ్యాంకులను పై అరలో పెట్టడాన్ని నిషేధించారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి విమానంలో వాటి వాడకాన్నే ఆపివేసింది. ఎమిరేట్స్ అక్టోబరు 1 నుంచి ఆ బాట పట్టింది. ప్రయాణీకుడు ఒక పవర్ బ్యాంకును వెంట ఉంచుకోవచ్చు గాని దానితో దేనినీ ఛార్జి చేయరాదు, దానినీ ఛార్జి చేయరాదు.

దీని ఫలితంగా పవర్ బ్యాంకు ఖరిదా నుంచి బయలుదేరిన వారికి రైలులోను, విమానాశ్రయపు కుర్చీలలోను ఆదుకునే వస్తువుగా మిగిలింది. రాత్రి కోత వేళ రైలులో దానితో ల్యాప్‌టాప్‌ను నింపుకుని, తెల్లవారి సాకెట్లకు కరెంటు రాగానే దానిని నింపుకునే వీలుంది. విమానం ఎక్కాక సంచిలో చేతికందే చోట ఉండాలి. వేడెక్కితే, ఉబ్బితే, వింత వాసన వస్తే వెంటనే సిబ్బందికి చెప్పాలి. ఫోను సీటు సందులో జారిపోతే సీటును కదపకుండా సిబ్బందిని పిలవాలి. సీటు యంత్రాంగంలో నలిగి బ్యాటరీలు అంటుకున్న సందర్భాలు ఉన్నాయి.

మజిలీల విషయంలో మరో చిన్న చిక్కు. దుబాయి, దోహా విమానాశ్రయాలలో గోడకు సాకెట్లు ఉంటాయి, కరెంటుకు కొదవ లేదు. అయితే ఆ దేశాలలో చెలామణి అయ్యేది పలకల వంటి మూడు పిన్నుల బ్రిటిష్ తరహా సాకెట్టు. అమెరికాలో దిగాక బల్లపరుపు పిన్నులు, 120 వోల్టులు. వోల్టేజి మార్పును అడాప్టరు తనంతట తానే సర్దుకుంటుంది గాని మన గుండ్రని పిన్నుల ప్లగ్గు ఈ రెండు చోట్లా గోడలో దూరదు. అన్ని దేశాల సాకెట్లకూ సరిపడే చిన్న ప్లగ్గు ఒకటి ఇంటి వద్దనే కొని సంచిలో వేసుకోవడం మంచిది. విమానాశ్రయపు దుకాణాలలో దాని ధర డాలర్లలోనే ఉంటుంది.